చీటీ కింది మూడు వరసలు

మా ఆయన్ని ఆఫీసులో అందరూ చీటీల సారు అనేవాళ్ళు. ఎగతాళికే మొదలుపెట్టారట, తర్వాత అదే పేరైపోయింది. కంప్యూటర్లో కోడ్ రాసే పని ఆయనది. ఆ పనిలో ఎక్కడైనా చిక్కుపడి, నానా తంటాలు పడి బయటపడితే, ఆ దారి మరొకళ్ళు వెతుక్కోనక్కర్లేకుండా పది పదిహేను వరసల్లో రాసి, పనికొచ్చే కోడ్ ముక్కను పక్కనే పెట్టి, ఎవరికైనా కనబడేలా ఒక పేజీలో ఉంచేవారు. వాటికి ఆయన పెట్టుకున్న పేరు చీటీలు. పోయేనాటికి మూడు వందల నలభై రెండు ఉన్నాయి.

ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఆయన గురించి ఎవరైనా నాలుగు మంచి ముక్కలు రాస్తారేమో అనుకున్నాను. రాశారు, కానీ ఏం రాశారో చూశాక నేనే రాద్దామని కూర్చున్నాను. నెమ్మదిగా చెప్పాలనుకుంటున్నాను గాని, కోపం ఎక్కడికక్కడ అడ్డొస్తోంది.

ఆయన మొదట కోడ్ రాసే మనిషి కాదు. ఒక ఆసుపత్రిలో రోగుల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే గుమాస్తా. రోజంతా ఒకే రకం తప్పు చేసే ఆ ప్రోగ్రామును తిట్టుకుంటూ, ఇదెలా రాశారో చూద్దామని ముప్పై మూడేళ్ళ వయసులో పుస్తకాలు ముందేసుకున్నారు. ఒకసారి ఏదో చిన్న లెక్క తేలక మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నాలుగో రోజు పొద్దున్న ఇంటర్నెట్లో వెతుకుతుంటే, ముక్కూమొహం తెలియని మనిషి ఎవరో సరిగ్గా అదే చిక్కు గురించి ఏడెనిమిది వరసలు రాసి పెట్టి ఉన్నాడు. ఆయన కుర్చీలోంచి లేచి, "మన పెళ్ళినాడు కూడా ఇంత సంతోషం కలగలేదే" అన్నారు.

"నేనిక్కడే ఉన్నాను, వినబడింది" అన్నాను.

"నువ్వు వెంటనే దొరికావు. ఇది దొరకడానికి మూడు రోజులు పట్టింది."

ఆ మనిషికి ఉత్తరం రాసి కృతజ్ఞత చెబుదామంటే, అక్కడ పేరు లేదు. ఆయన్ని అది చాలాకాలం పీడించింది. ఇంత ఉపకారం చేసిన మనిషి ఎవరో తెలియకుండా పోవడమేమిటని. తర్వాత ఆసుపత్రులకు ప్రోగ్రాములు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం దొరికాక, తను రాసే ప్రతి చీటీ కింద మూడు వరసలు పెట్టే అలవాటు చేసుకున్నారు. ఈ ప్రశ్న ఎవరు అడిగారు. జవాబు ఎవరు చెప్పారు. దీనివల్ల ఎక్కడ దెబ్బ తగిలింది. ఆఫీసులో ఊడ్చే ఆవిడ ఒకసారి, "సారూ, ఆ తెరమీద తేదీ నిన్నటిది చూపిస్తోంది" అంటే, ఆవిడ పేరూ ఒక చీటీ కింద చేరింది. మూడో వరసలో ఎక్కువసార్లు తన పేరే ఉండేది. "నేనే, సోమవారం, రెండు గంటలు ఆఫీసంతా ఆగిపోయింది" అని. ఎందుకండీ మీ పరువు మీరే తీసుకుంటారు అంటే, "దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పకపోతే మందు దేనికో వాళ్ళకెలా తెలుస్తుంది" అనేవారు.

చీటీని పేజీలో పెట్టేముందు ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి నాకు చదివి వినిపించేవారు. కోడ్ కాదు, పైన మామూలు మాటల్లో రాసినది.

"ఎక్కడ అర్థంకాకపోతే అక్కడ ఆపు."

"నాకేం తెలుస్తుందండీ. ఏడో తరగతితో ఆపేసినదాన్ని."

"తెలిసినవాళ్ళు ఆపరు. తెలియదనుకుంటారేమోనని తలూపేస్తారు. నువ్వు ఊపవు, అదే నాకు కావాలి."

అలా ఎన్ని విన్నానో. సగం చెవిన పడేవి, సగం గిన్నెల చప్పుడులో పోయేవి. కానీ ఒకటి మాత్రం బాగా గుర్తుంది. ఆరోజు నేను బఠాణీలు ఒలుస్తున్నాను. ఆసుపత్రికి వచ్చి వెళ్ళిపోయిన రోగుల పాత వివరాలన్నీ రోజూ వాడే జాబితాలోంచి తీసి పక్కన ఇంకోచోట దాచే కోడ్ అది. ఆయన నాకు అర్థమయ్యేలా దాన్ని పెట్టె అన్నారు. "ముందు పెట్టెను ఖాళీ చేస్తుంది. తర్వాత పాతవన్నీ అందులో పెడుతుంది. తర్వాత జాబితాలోంచి వాటిని తీసేస్తుంది. అంతే."

"రెండోసారి నొక్కితే?" అన్నాను.

"ఎందుకు నొక్కుతారు?"

"ఏమో. మొదటిసారి పని చేసిందో లేదో తెలియకపోతే నొక్కరూ? నేను లిఫ్టు మీట నాలుగుసార్లు నొక్కుతాను."

ఆయన నా ముందున్న గిన్నెలోంచి బఠాణీలన్నీ తీసి ఒక పళ్ళెంలో పోశారు. పళ్ళేన్ని చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళి వంచబోతే చెయ్యి పట్టుకున్నాను. "ఇదే జరుగుతుంది" అన్నారు. "రెండోసారి నొక్కితే పెట్టెలో ఉన్నవి పారబోస్తుంది. మళ్ళీ పెడదామంటే జాబితాలో ఏమీ మిగలవు." అప్పటికప్పుడు వెళ్ళి ఒక వరస చేర్చారు. పెట్టెలో ఏదైనా ఉంటే కోడ్ ఆగిపోయి, ఖాళీ చెయ్యమంటారా అని మనిషిని అడగాలి. దానికి ఆపే వరస అని పేరు పెట్టి, పైన మామూలు మాటల్లో కూడా రాశారు. దీన్ని తీయొద్దు అని.

జ్వరమని పడుకున్న మనిషి పదకొండో రోజున వెళ్ళిపోయారు. దాని గురించి రాయను.

మొన్న మంగళవారం మధ్యాహ్నం ఆయన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి ఇంటికి వచ్చింది. ఏదీ చివరిదాకా చదవకుండా పరుగెత్తుతుందని ఆయన దానికి తొందరపిల్ల అని పేరు పెట్టారు. వచ్చినప్పుడల్లా చెప్పులు ఒకటి అటూ ఒకటి ఇటూ విసిరేసి లోపలికి వచ్చే పిల్ల, ఆరోజు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఆఫీసు లేదా?"

"సెలవు పెట్టాను పిన్నీ. అంటే, పెట్టించారు."

కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుని ఏడ్చింది. విషయం ఇదీ. పోయిన వారం ఒక పళ్ళ ఆసుపత్రికి పాత వివరాలను పెట్టెలోకి మార్చమని ఈ పిల్లకు పని ఇచ్చారు. ఆయన చీటీలోని కోడ్ తీసుకుని నడిపింది. తెర కదలకుండా ఉండిపోయింది. పని చేయలేదేమోనని మళ్ళీ నడిపింది. మూడేళ్ళ వివరాలు పోయాయి. అంతకుముందు ఆదివారం తీసిపెట్టిన కాపీ ఒకటి ఉంది కాబట్టి చాలావరకు తిరిగి వచ్చాయి గాని, ఆ తర్వాత నాలుగు రోజుల రాతలు పోయాయి. ఎవరికి ఏ పన్ను పీకారో డాక్టర్లు రోగుల నోళ్ళు తెరిపించి చూసుకోవాల్సి వచ్చింది.

"తప్పు నాదే పిన్నీ. నన్ను తిడితే పడతాను. కానీ లీడ్ గారు పేజీలో ఏం పెట్టారో చూడండి."

లీడ్ అంటే ఆ జట్టుకు పెద్ద. వయసులో మా ఆయనకంటే పదిహేనేళ్ళు చిన్న. ఆయన పోయాక చీటీలన్నీ అతని చేతికి వచ్చాయి. పిల్ల ఫోను నా ముందు పెట్టింది. చీటీ పైన ఎర్ర అక్షరాల్లో ఇలా ఉంది: "పళ్ళ ఆసుపత్రి ప్రమాదానికి కారణం చీటీల సారు రాసిన లోపమున్న కోడ్. ఆయన చీటీలు సరిగ్గా పరీక్షించకుండా రాసినవి. ఎవరూ వాడవద్దు. శుక్రవారం సాయంత్రం అన్నిటినీ తొలగిస్తున్నాం."

రెండుసార్లు చదివాను.

"ఆ చీటీ చదువు" అన్నాను.

చదివింది. పెట్టె ఖాళీ చేస్తుంది, పాతవి పెడుతుంది, జాబితాలోంచి తీసేస్తుంది. అంతే. కింద ఏమీ లేదు. పైన మాత్రం ఆయన పేరుంది.

"ఒక వరస తక్కువైంది."

"ఏ వరస పిన్నీ?"

"పెట్టె ఖాళీగా లేకపోతే ఆగిపోయే వరస. దాన్ని తీయొద్దని పైన కూడా రాశారు. కింద మూడు వరసలుండాలి, అవీ లేవు."

పిల్ల నా మొహంలోకి చూసింది. "మీకెలా తెలుసు?"

"నేను అడిగితేనే పెట్టారు."

అప్పుడు చెప్పింది. ఆయన పోయిన నెలన్నరకు లీడ్ పాత పేజీని మూసేసి, చీటీలన్నిటినీ కొత్తచోటికి మార్చాడట. మార్చేటప్పుడు అన్నిటినీ శుభ్రం చేశానని అందరికీ చెప్పాడట. శుభ్రం. ఇరవై రెండేళ్ళు ఆ మనిషితో కాపురం చేసి శుభ్రమంటే ఏమిటో నాకు తెలుసనుకున్నాను, లీడ్ దగ్గర నేర్చుకోవాలి కాబోలు. పాత పేజీ ఇక తెరుచుకోదు. ఆపే వరస ఉండేదని చెప్పడానికి నా నోటిమాట తప్ప ఏమీ లేదు. నా నోటిమాటకు ఆ ఆఫీసులో ఎంత విలువుంటుందో నాకు తెలుసు.

"బయటివాళ్ళు కూడా ఇవి తీసుకునేవారుగా" అన్నాను. "ఎవరి దగ్గరా ఉండవా?"

పిల్ల వెతకడం మొదలుపెట్టింది. ప్రతి చీటీ మొదట్లో ఆయన "ముందు ఒక్క నిమిషం కూర్చోండి" అని రాసేవారు. ఆ మాట పెట్టి వెతికితే ఎక్కడో మరో ఊళ్ళో, గ్రంథాలయాలకు ప్రోగ్రాములు రాసే ఒకావిడ పేజీ దొరికింది. మూడు వందల నలభై రెండూ ఉన్నాయి. అన్నిటికీ పైన ఆవిడ ఇలా రాసుకుంది: "ఇవి నావి కావు. రాసినాయన పేరు ప్రతిదానిమీదా ఉంది. నాకు చాలాసార్లు దారి చూపించాయి కాబట్టి దాచుకున్నాను. ఒక్క అక్షరం మార్చలేదు."

ఆవిడ ఆయన్ని ఎన్నడూ చూడలేదు. ఆయన పక్క కుర్చీలో ఆరేళ్ళు కూర్చున్న లీడ్ మార్చాడు.

పెట్టె చీటీ తెరిస్తే, ఆపే వరస ఉంది. కింద మూడు వరసలూ ఉన్నాయి. పిల్ల చదవబోయి ఆగి, ఫోను నా చేతికిచ్చింది.

"అడిగింది: మా ఇంటావిడ, బఠాణీలు ఒలుస్తూ. చెప్పింది: తనే, లిఫ్టు సాక్షిగా. దెబ్బ తగిలింది: ఇంకా ఎవరికీ లేదు. తగలకూడదనే ఆ వరస."

నన్ను ఇందులో రాశారని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. చీర కొంగుతో ఫోను తుడిచి ఇచ్చేశాను.

గురువారం పొద్దున్న మా మరిదికి ఫోను చేశాను. సామాన్లు చేరవేసే వ్యాను నడుపుతాడు. రమ్మంటే వచ్చాడు గాని, సంగతి విని గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"వదినా, అన్నయ్య పోయాడు. ఎవడో ఏదో రాసుకుంటే మనకేం. వాళ్ళు నీ మాట వింటారా?"

"వినకపోతే కూర్చుంటాను."

"నీకు కోపమొస్తే గిన్నెలు తోముతావు. లోపల చూశాను, గిన్నెలన్నీ తళతళలాడుతున్నాయి. నాకు భయంగా ఉంది."

"బండి తియ్యవయ్యా."

తీశాడు. దారిలో తొందరపిల్లను ఎక్కించుకున్నాం. ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. నాలుగో సిగ్నల్ దగ్గర మా మరిది, "అన్నయ్య ఒకసారి నేను బండి టైర్ల గురించి చెప్పింది కూడా ఒక చీటీలో రాశాడు వదినా, నా పేరు పెట్టి" అన్నాడు. "అదీ తీసేశారంటావా?"

"తీసేశారు" అంది పిల్ల.

"అయితే నేనూ పైకి వస్తాను."

ఆయన కుర్చీ కిటికీ పక్కన ఉండేది. ఇప్పుడక్కడ పనికిరాని వైర్ల పెట్టెలు పెట్టారు. లీడ్ మర్యాదగానే లేచాడు, కుర్చీ వేశాడు, మంచినీళ్ళు తెప్పించాడు. సారుగారంటే మాకు ఎంతో గౌరవమండీ అన్నాడు. నేను నీళ్ళు తాగలేదు. పిల్ల గ్రంథాలయం ఆవిడ పేజీ తెరిచి అతని ముందు పెట్టింది.

అతను చివరిదాకా చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ వరస మీరు తీశారా?" అని అడిగాను.

"అంటే... పరీక్షించేటప్పుడు ఇరవైసార్లు నడపాలండీ. ప్రతిసారీ ఆగి అడుగుతుంటే పని ముందుకు సాగదు. అందుకని తీశాను. తర్వాత పెడదామనే అనుకున్నాను."

"తర్వాత?"

"మర్చిపోయాను."

"కింద మూడు వరసలు?"

"అవి కోడ్ కాదు కదండీ. ఎవరు అడిగారు, ఎవరు చెప్పారు, అవన్నీ కబుర్లు. పేజీ నీటుగా ఉండాలని తీసేశాం."

కబుర్లట. ఊడ్చే ఆవిడ పేరు కబురు, మా మరిది పేరు కబురు, నాలుగు రోజుల రాతలు కాపాడగలిగిన మాట కబురు. నేను ఎవరిమీదా గొంతెత్తిన మనిషిని కాదు. అప్పుడు కూడా ఎత్తలేదు. కానీ చుట్టుపక్కల కీబోర్డుల టకటకలు ఆగిపోయాయని మాత్రం తెలిసింది.

"మీకు అడ్డమైన వరస తీశారు బాబూ. నచ్చని మాటలు తీశారు. ఆయన పేరొక్కటీ ఎందుకుంచారు? అదీ తీసేసి ఉంటే మీ తప్పు మీ దగ్గరే ఉండేది."

"ఉద్దేశపూర్వకంగా కాదండీ. ఆయన పేరు అలా ఉండిపోయింది, అంతే."

"మరి ఎర్ర అక్షరాలు? అవి కూడా అలా ఉండిపోయాయా?"

మా మరిది గోడకానుకుని చేతులు కట్టుకున్నాడు. లీడ్ కుర్చీ ముందుకు జరిపి గొంతు తగ్గించాడు. ఇప్పుడే ఆ ఎర్ర అక్షరాలు తీసేస్తానండీ, ఆపే వరస పెట్టేస్తాను, చీటీలేవీ తొలగించను, మీరు నిశ్చింతగా ఇంటికి వెళ్ళండి, పోయినాయనకు ఇవన్నీ ఏం పని చెప్పండి, అన్నాడు.

"అందరూ చదివిన చోట రాశారు. ఎవరూ చూడకుండా తుడుస్తానంటున్నారు. అదేం న్యాయం?"

"పైవాళ్ళకు తెలిస్తే నా మీదికి వస్తుందండీ."

"ఆయన మీదికి వచ్చినప్పుడు తెలియలేదా, పైవాళ్ళ సంగతి? ఆయన లేచి వచ్చి నేను కాదని చెప్పలేరనేగా."

అతను చిన్నవాడు. ఇంట్లో భార్య ఉంటుంది, ఆవిడకు ఇతను రాజులా కనబడుతూ ఉంటాడు. జాలి రాలేదని అబద్ధం చెప్పను. జాలిపడి ఇంటికి వెళ్ళిపోతే చదివినవాళ్ళందరి దృష్టిలో ఆయన చేతకాని మనిషిగానే మిగిలిపోతారు, దానికి నేనే తలూపినట్టవుతుంది. కదలకుండా కూర్చున్నాను.

చివరికి కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. ఎర్ర అక్షరాల చోట, "ఆపే వరస లేకుండా పోయింది, మళ్ళీ చేర్చాం" అని రాశాడు. పిల్ల పైకి చదివింది.

"దానంతటదే పోయిందా?" అన్నాడు మా మరిది.

మళ్ళీ రాశాడు. ఈసారి ఆపే వరసను తీసింది తనేనని, పెట్టడం మర్చిపోయింది తనేనని, చీటీల సారు రాసిన కోడ్‌లో ఏ లోపమూ లేదని, సంగతి తెలుసుకోకుండా ఆయన్ని తప్పుపట్టినందుకు క్షమించమని రాసి, కింద తన పేరు పెట్టాడు. పేరు కొట్టేటప్పుడు రెండుసార్లు దిద్దుకున్నాడు.

నేను తొందరపిల్ల వైపు చూశాను. "నువ్వూ చదవకుండా నడిపావుగా. పక్కవాడిది రాయించి నీది దాచుకుంటే ఎలా?"

పిల్ల కళ్ళు తుడుచుకుని కుర్చీ లాక్కుంది. చీటీ కింద మూడో వరసలో, దెబ్బ తగిలిన చోట, పళ్ళ ఆసుపత్రి పేరు రాసి, పక్కన, "రెండుసార్లు నొక్కింది నేను" అని తన పేరూ చేర్చింది. ఇప్పుడా చీటీ నిజంగా ఆయన చీటీలా ఉంది.

"మిగతా మూడు వందల నలభై ఒకటి?" అన్నాను.

లీడ్ ఉలిక్కిపడ్డాడు. "వాటిలో ఏ ప్రమాదమూ జరగలేదు కదండీ."

"జరిగేదాకా ఆగుదామా?"

"అన్నీ పోల్చిచూసి మార్చాలంటే రెండు రోజులు పడుతుందండీ. వచ్చే నెలలో ఎవరికైనా అప్పగిస్తాను."

"తీసింది మీరు. పెట్టేదీ మీరే. నాకు వేరే పనేం లేదు, నేను చదువుతాను, మీరు మార్చండి."

మా మరిది కిందికెళ్ళి బండిలో ఉన్న సామాన్లు ఇవ్వాల్సినవాళ్ళకు ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పి వచ్చాడు. తొందరపిల్ల వైర్ల పెట్టెలు తీసి నేలమీద పెట్టి, ఆ కుర్చీ నా కోసం లాగింది. గ్రంథాలయం ఆవిడ కాపీ ఒక తెరమీద, ఆఫీసుది ఇంకో తెరమీద. కోడ్ నాకు తెలియదు, దాన్ని పిల్ల చూసుకుంటుంది. పైన మాటలూ కింద వరసలూ నేను చదువుతాను, లీడ్ ఎక్కించుకుంటాడు. మొదటిరోజు తొంభై ఆరు అయ్యాయి. ఊడ్చే ఆవిడ పేరు నలభై మూడో దానిలో వచ్చింది. చీపురు పక్కన పెట్టి వచ్చి తెరమీద తన పేరు చూసుకుని, ఇదెప్పుడు పోయిందమ్మా అని అడిగింది. నేను లీడ్ వైపు చూశాను. అతనే చెప్పాడు.

శుక్రవారం మళ్ళీ వెళ్ళాను. మధ్యాహ్నానికి అతను అలసిపోయాడు, నేనూ అలసిపోయాను. నూట అరవై ఎనిమిదో చీటీకి గ్రంథాలయం ఆవిడ కాపీలో కూడా కింద రెండు వరసలే ఉన్నాయి. జవాబు ఎవరు చెప్పారో లేదు.

"ఇది మొదటినుంచీ ఇంతేనేమోనండీ" అన్నాడు.

"ఆయన అలా వదలరు. ఎవరో చెప్పే ఉంటారు. ఈ చీటీ రాసిన నెలలో ఇక్కడ ఎవరెవరు పని చేశారో కనుక్కోండి."

అతను నిట్టూర్చి ఫోను తీశాడు.